విండ్ రివర్ రేంజ్‌లో 6 రోజులు, మూడు రూట్లలో ఏది పట్టుకోవాలో తేలడం లేదు

సుజి:
అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. ఆగస్ట్ చివర్లో వయోమింగ్ వెళ్తున్నాం, విండ్ రివర్ రేంజ్ కొండలకి. నేను, మా ఆయన, మా మరిది, తోడికోడలు, మొత్తం నలుగురం. లోపల 6 రోజులు 5 రాత్రులు ఉండాలని ప్లాన్. ఇప్పటిదాకా రెండు రాత్రుల ట్రిప్పులు నాలుగైదు చేశాం, సామాన్లు అన్నీ ఉన్నాయి, కానీ ఇంత లోపలికి, ఫోన్ సిగ్నల్ అనేదే లేని చోటికి ఇన్ని రోజులు వెళ్లడం ఇదే మొదలు.

మూడు రూట్లు చూశాం. ఒకటి బిగ్ శాండీ నుంచి సర్క్ ఆఫ్ ద టవర్స్ లూప్, జాకాస్ పాస్ (పాస్ అంటే కనుమ) ఎక్కి టెక్సస్ పాస్ మీదుగా షాడో లేక్ వైపు దిగి వెనక్కి రావడం, సుమారు 24 మైళ్లు అంటున్నారు. రెండోది ఎల్క్‌హార్ట్ పార్క్ నుంచి టిట్‌కాంబ్ బేసిన్, వెళ్లిన దారినే తిరిగి రావడం, మొత్తం 30 మైళ్ల దాకా. మూడోది గ్రీన్ రివర్ లేక్స్ దగ్గర మొదలుపెట్టి హైలైన్ ట్రెయిల్ పట్టుకుని బిగ్ శాండీ దాకా, 70 మైళ్లకి పైనే. మా మరిదికి మూడోదే కావాలి, ఇంత దూరం వెళ్లి వెళ్లిన దారినే తిరిగొస్తే ఏం బాగుంటుంది అంటాడు. మా ఆయనకి దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టేస్తుంది, ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు. మేం ఉండేది డాలస్‌లో, ఎత్తు అలవాటు లేదు.

మ్యాప్ ముందేసుకుని వారం రోజులుగా వాదించుకుంటున్నాం. ఏది మంచిదో చెప్తే సరే, కానీ అసలు ఎలా తేల్చుకోవాలో చెప్పినా చాలు.

కొండగాలి:
సుజి గారూ, నేను విండ్స్‌కి రెండుసార్లు వెళ్లాను, ఒకసారి సర్క్, ఒకసారి టిట్‌కాంబ్. మొదటిసారి మీలాగే స్క్రీన్ మీద గీత గీసి, మైళ్లు కూడి, రోజుకి 10 మైళ్లు ఈజీ అనుకుని బయల్దేరాం, ఆ లెక్క రెండో రోజుకే చెల్లలేదు. కాబట్టి మైళ్లు పక్కన పెట్టి గంటల్లో లెక్కేసుకోండి.

నెయిస్మిత్ రూల్ అని 1892 నాటి లెక్క ఒకటి ఉంది, 3 మైళ్లకి ఒక గంట, ఆపైన ప్రతి 2000 అడుగుల ఎక్కుడికి ఇంకో గంట. బిగ్ శాండీ లేక్ నుంచి జాకాస్ పాస్ దాటి లోన్‌సమ్ లేక్ దాకా దాదాపు మూడున్నర మైళ్లు, లేక్ 9,700 అడుగుల దగ్గర, పాస్ 10,800 దగ్గర, అంటే ఎక్కేది 1,100 అడుగులు. రూల్ ప్రకారం గంటా నలభై ఐదు నిమిషాలు రావాలి. మాకు నాలుగు గంటలు పట్టింది. ఎందుకంటే ఆ దారి నేరుగా ఎక్కదు, ఎక్కి దిగి మళ్లీ ఎక్కుతుంది, మధ్యలో కారంత బండల మీద చేతులు ఆనించి దాటాలి, వీపు మీద 35 పౌండ్ల బ్యాగు, పైగా 10 వేల అడుగుల ఎత్తులో పది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. మ్యాప్‌లో ఇవేవీ కనపడవు. అక్కడి టోపో మ్యాపుల్లో కంటూర్ గీతకీ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) గీతకీ మధ్య 40 అడుగుల ఎత్తు తేడా, అంటే 30 అడుగుల నిటారు బండ రెండు గీతల మధ్య ఉన్నా మీకు తెలీదు. అందుకే ట్రెయిల్ ఉన్న చోట రూల్ చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు, రాళ్ల మీద రెండు రెట్లకి పైన వేసుకోండి, అది కూడా మీ నలుగురిలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల వేగంతో.

మీ రూట్లలో ఆయన మోకాలికి కష్టమైంది టెక్సస్ పాస్. సుమారు 11,400 అడుగులు, సరైన ట్రెయిల్ కాదు, జనం నడిచి నడిచి పడిన జాడ. లోన్‌సమ్ లేక్ వైపు నుంచి నిటారు గడ్డి, రాళ్లు, ఎక్కడం కష్టమే కానీ కాలు నిలుస్తుంది. అవతల టెక్సస్ లేక్ వైపు దిగుడు మాత్రం జారుడు రాళ్లు, అడుగేస్తే పాదంతో పాటు గుప్పెడు కొండ కిందికి వస్తుంది. మేం ఒకరి వెనక ఒకరం వరసగా దిగుతున్నాం, నా కాలి కింద నుంచి ఫుట్‌బాల్ అంత రాయి ఒకటి కదిలి దొర్లుకుంటూ పోయి కింద నడుస్తున్న మా ఫ్రెండ్ మడమ పక్కనే జానెడు దూరంలో తగిలి ఇంకా కిందికి పోయింది. నేను అరిచేలోపే అంతా అయిపోయింది. ఆ తర్వాత ఒకరు పూర్తిగా దిగి పక్కకి తప్పుకున్నాకే ఇంకొకరు కదిలాం, దిగడానికి గంటన్నర పట్టింది. తప్పు మాదే, జారుడు రాళ్ల మీద ఒకరి కింద ఒకరు నడవకూడదని తెలిసి కూడా తొందరపడ్డాం.

మీకు సర్క్ లూపే కావాలంటే దిశ తిప్పేయండి. ముందు షాడో లేక్ వైపు వెళ్లి బిల్లీస్ లేక్, బ్యారెన్ లేక్, టెక్సస్ లేక్ మీదుగా పాస్‌ని ఉత్తరం నుంచి ఎక్కితే ఆ జారుడు రాళ్లు ఎక్కుడులో వస్తాయి, మోకాలికి ఇబ్బంది తక్కువ. అప్పుడు లోన్‌సమ్ వైపు దిగుడు నిటారే కానీ నేల గట్టిది. ఇంకో మాట, లోన్‌సమ్ లేక్ చుట్టూ పావు మైలు లోపు టెంట్ వేయకూడదు, రూల్ ఉంది, ఆ చోటు లెక్కలోంచి తీసేసి ప్లాన్ చేసుకోండి.

వాగుదాటి:
సుజక్కా, సీదా చెప్తున్న, టిట్‌కాంబ్ పో. వెళ్లిన దారినే తిరిగొస్తే ఏం బాగుంటదన్న మాట అక్కడ చెల్లదు. పోయేటప్పుడు కొండలు ముంగట ఉంటయ్, వచ్చేటప్పుడు లోయ అంతా ముంగట పరుచుకొని ఉంటది, పొద్దటి ఎండల ఒక తీరు, సందెకాడ ఇంకో తీరు. మేమైతే ఐలాండ్ లేక్ కాడ మూడు రాత్రులు ఒకటే చోట టెంట్ వేసినం, రోజూ చిన్న బ్యాగులతోని ఒకరోజు టిట్‌కాంబ్ లేక్స్, ఒకరోజు ఇండియన్ బేసిన్ తిరిగొచ్చినం. బరువంతా క్యాంపులనే. మోకాలు నొప్పి ఉన్నాయనకు ఇంతకంటే మంచి ప్లాన్ ఉండదు, ఒకరోజు కాలు బాగలేకపోతే ఆయన లేక్ ఒడ్డున కూసుంటడు, మిగిలినోళ్లు పోయొస్తరు. లూప్‌ల ఉంటే అట్ల కుదరదు గద, ఆగినా నడవాల్సిందే.

ఫొటోగ్రాఫర్స్ పాయింట్ అని నాలుగున్నర మైళ్ల కాడ వస్తది, అక్కడ ఒక గంట కూసోండ్రి, ఎందుకు వచ్చినమో అప్పుడే తెలుస్తది.

రాళ్లబాట:
నేను మీ మరిది గారి వైపు. హైలైన్ ట్రెయిల్ చాలా వరకు మంచి దారే, టెక్సస్ పాస్ లాంటి జారుడు దాంట్లో లేదు. వారం లోపల ఒక పర్వతశ్రేణి ఈ కొస నుంచి ఆ కొసకి కాలినడకన దాటడం అనేది జీవితంలో ఒకసారి చేసినా మర్చిపోలేరు. గ్రీన్ రివర్ లేక్స్ దగ్గర స్క్వేర్‌టాప్ మౌంటెన్ నీళ్లలో కనపడే తీరు చూస్తే చాలు. రోజుకి 12 మైళ్లు, అలవాటు ఉన్నవాళ్లకి అసాధ్యం ఏం కాదు.

కొండగాలి:
రాళ్లబాట గారూ, మీరు చెప్పిన అందంలో అబద్ధం లేదు, నాకూ ఆ దారి ఒకసారి నడవాలని ఉంది. కానీ వీళ్ల పరిస్థితి చూడండి. 6 రోజుల్లో 70 మైళ్లకి పైన అంటే ఒక్కరోజు కూడా ఖాళీ లేదు. ఒకరోజు వాన కురిసి టెంట్‌లోనే ఉండిపోతే మిగిలిన అయిదు రోజులూ రోజుకి 14 మైళ్లు పైన పడతాయి. డాలస్ నుంచి వచ్చి రెండో రోజే 10 వేల అడుగుల మీద ఆ వేగం నడవడం, అందులో మోకాలు ఒకటి.

పైగా కారు ఒక కొసన, మీరు ఇంకో కొసన. గ్రీన్ రివర్ లేక్స్ రేంజ్‌కి ఉత్తరాన, బిగ్ శాండీ దక్షిణాన, రెండు చోట్లా చివర మట్టి రోడ్డే, మధ్యలో పైన్‌డేల్ ఊరి మీదుగా తిరిగి రావాలి, పూట గడిచిపోతుంది. షటిల్ వాళ్లున్నారు కానీ ముందే మాట్లాడుకోవాలి, మాట్లాడుకున్నాక ఆ తేదీకి బయటికి వచ్చి తీరాలి. కొండల్లో ఫలానా రోజుకి ఫలానా చోట ఉండి తీరాలి అన్న ఒత్తిడి ఉన్నప్పుడే తప్పుడు నిర్ణయాలు తీసుకుంటాం, మబ్బు పట్టినా పాస్ ఎక్కేస్తాం, కాలు నొప్పిగా ఉన్నా చెప్పం.

నేను ఏ రూట్ చూసినా ముందు చూసేది బయటికి దారులు. ప్రతి రాత్రి క్యాంపు దగ్గర వేలు పెట్టి, ఇక్కడ ఒకరికి ఒంట్లో బాగోకపోతే దగ్గరి రోడ్డు ఎన్ని గంటలు, మధ్యలో పాస్ ఎక్కాలా అని అడుగుతాను. టిట్‌కాంబ్‌లో ఎక్కడున్నా ఒకే జవాబు, వచ్చిన దారి, తెలిసిన దారి, పాస్ లేదు. సర్క్‌లో లోన్‌సమ్ దగ్గర ఉంటే జాకాస్ ఎక్కి దిగాలి. హైలైన్ మధ్యలో ఉంటే పడమరకి దారులున్నాయి, ఎల్క్‌హార్ట్, స్కాబ్ క్రీక్ లాంటివి, కానీ ఒక్కోటి పది మైళ్లకి పైనే, అక్కడికి చేరినా మీ కారు అక్కడ ఉండదు. తూర్పుకి దిగుదామంటే కొంత భాగం విండ్ రివర్ ఇండియన్ రిజర్వేషన్, ఈస్టర్న్ షోషోనీ, నార్దర్న్ అరాపహో వాళ్ల నేల, పర్మిట్ లేకుండా అడుగు పెట్టకూడదు. మ్యాప్‌లో ఆ గీత ఎక్కడుందో ముందే చూసుకోండి, మీరు ఏ రూట్ వెళ్లినా సరే.

సుజి:
ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. బయటికి దారుల లెక్క మేం అసలు ఆలోచించలేదు, నిన్న రాత్రి నలుగురం కూర్చుని ప్రతి క్యాంపు మీదా వేలు పెట్టి చూశాం, హైలైన్‌లో మూడో రాత్రి దగ్గరికి వచ్చేసరికి మా మరిది తనే మ్యాప్ మూసేశాడు.

ఇంకో రెండు అడగాలి. ఒకటి ఎత్తు గురించి, మా తోడికోడలికి కొలరాడోలో ఒకసారి 11 వేల అడుగుల దగ్గర బాగా తలనొప్పి, వాంతులు అయ్యాయి. రెండోది ఎలుగుబంట్లు. తిండి పెట్టి తాడుతో చెట్టుకి కట్టే సంచి మా దగ్గర ఉంది, అది సరిపోతుందా?

నిదానం:
ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి నేను చెప్తానమ్మా, నాకు రెండుసార్లు వచ్చింది కాబట్టి. 8 వేల అడుగులు దాటాక ఎవరికైనా రావచ్చు, వయసు, ఫిట్‌నెస్ చూడదు, ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. పగలు ఎంత ఎత్తు ఎక్కారన్నదానికంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. 10 వేల అడుగులు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 1,600 అడుగుల కంటే పెంచకూడదంటారు డాక్టర్లు. పైన్‌డేల్ 7,200 అడుగుల దగ్గర ఉంది, అక్కడ వీలైతే రెండు రాత్రులు పడుకోండి, ఒక్క రాత్రితో సరిపెట్టకండి. ఎల్క్‌హార్ట్‌లో ట్రెయిల్ మొదలయ్యే చోటే 9,300 పైన. మొదటి రోజు ఐలాండ్ లేక్ దాకా 12 మైళ్లు లాక్కుపోవద్దు, మధ్యలో ఎక్కడన్నా ఆగండి.

తోడికోడలు గారు వెళ్లేముందు డాక్టర్‌ని కలిసి అసిటజోలమైడ్ గురించి అడగాలి, డయమాక్స్ అంటారే అదే. సల్ఫా మందులు పడవంటే ఆ మాట ముందే చెప్పాలి. పైన ఉన్నప్పుడు తలనొప్పి వస్తే ఆ రోజు ఇంక ఎక్కుడు లేదు, ఉన్నచోటే ఆగాలి. తగ్గకపోతే, లేదా నడక తూలుతుంటే, కూర్చున్నప్పుడు కూడా ఆయాసంగా ఉంటే, రాత్రైనా సరే కిందికి దిగాలి. అమ్మాయి మొహమాటపడి చెప్పకుండా ఉంటుందేమో, రోజూ పొద్దున్నే అడగండి, తల ఎలా ఉంది, అన్నం తినబుద్ధవుతోందా అని. నేను మొదటిసారి చెప్పకుండా దాచాను, నావల్ల అందరి ట్రిప్పూ పాడవుతుందని. మర్నాటికి నన్ను ఇద్దరు పట్టుకుని దింపాల్సి వచ్చింది.

వాగుదాటి:
ఎలుగుబంటి సంగతి నేను చెప్త. ఉత్తరం దిక్కు గ్రిజ్లీలు, అంటే పెద్ద గోధుమ రంగు ఎలుగులు ఉన్నయ్, టిట్‌కాంబ్ దిక్కు గూడ, నల్ల ఎలుగులు అంతటా ఉన్నయ్. తిండి ఎట్ల దాచాలన్నదానికి ఫారెస్టోళ్ల ఆర్డరే ఉంది, పోయేముందు పైన్‌డేల్ రేంజర్ ఆఫీసుల అడిగి పోండ్రి. తాడు కట్టే సంచి కింద అడవిల పనికొస్తది, కానీ ఐలాండ్ లేక్ దాటినంక చెట్లే ఉండయ్, ఉన్నయి గూడ నడుం ఎత్తు పొదలు. దేనికి కడ్తరు? గట్టి డబ్బా, క్యానిస్టర్ అంటరు గద, అదే తీసుకోండ్రి, నలుగురికి 6 రోజులకి ఒకటి చాలదు. టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, లిప్ బామ్, వాసనొచ్చేదంతా దాంట్లనే. వండుడు, తినుడు టెంట్‌కి వంద గజాల దూరంల.

బేర్ స్ప్రే (ఎలుగు మీద పడితే కొట్టే కారం స్ప్రే), స్టవ్ గ్యాస్ క్యాన్ విమానంల పోనీయరు, చెక్-ఇన్ బ్యాగుల గూడ. దిగినంక కొనుక్కోవాలె, అందుకు ఒక పూట పెట్టుకోండ్రి. స్ప్రే బ్యాగు లోపల పెడితే ఉన్నా లేనట్టే, బెల్టుకో ఛాతీ పట్టీకో ఉండాలె. సేఫ్టీ క్లిప్ తీసుడు ఒకసారి ప్రాక్టీస్ కొన్న రోజే హోటల్ బయట చేయండ్రి, కొట్టకుండ క్లిప్ వరకే.

కొండగాలి:
ఆగస్ట్ చివర ఎంచుకోవడం మంచి పని. జులైలో పాస్‌ల మీద ఇంకా మంచు ఉంటుంది, వాగులు పొంగుతుంటాయి, దోమలు మాట్లాడనివ్వవు. ఆగస్ట్ చివరికి అవన్నీ తగ్గుతాయి. కానీ మధ్యాహ్నం ఉరుములు మాత్రం వస్తాయి, ఎత్తు ప్రదేశాలు పన్నెండులోపు దాటేసి కిందికి వచ్చేయండి. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దగ్గర పడుతున్నకొద్దీ చలి, మంచు కూడా ఉండొచ్చు. 2020 లేబర్ డే అప్పుడు అక్కడ పెద్ద గాలివాన, మంచు వచ్చి వేల చెట్లు కూలి ట్రెయిళ్ల మీద అడ్డంగా పడ్డాయి, లోపల ఉన్నవాళ్లు చాలా అవస్థ పడ్డారు. అందుకే టెంట్ వేసేముందు పైకి చూడండి, ఎండిపోయిన చెట్టు పడితే మీ మీదికి వస్తుందా లేదా అని.

శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేనిచోట మెసేజ్ పంపే పరికరం) తప్పకుండా తీసుకెళ్లండి, అటు నుంచి జవాబు కూడా వచ్చే రకం. ఇంట్లో ఒకరికి రూట్, క్యాంపుల పేర్లు, కారు నంబర్ రాసిచ్చి, ఫలానా రోజు ఫలానా గంటకి మా నుంచి మెసేజ్ రాకపోతే సబ్‌లెట్ కౌంటీ షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి అని గంటతో సహా చెప్పండి. అక్కడ వెతుకులాట చూసేది షెరిఫే.

అన్నట్టు ఆ లేక్‌లలో ట్రౌట్ చేపలు కనపడితే గుర్తు చేసుకోండి, 1930లలో బిగ్ శాండీ దగ్గర ఫినిస్ మిచెల్ అనే ఆయన, ఆయన భార్య, పాలక్యాన్లలో చేపపిల్లల్ని పోసి గుర్రాల మీద కట్టి ఆ కొండలెక్కి ఎన్నో లేక్‌లలో వదిలారు. అంతకుముందు వాటిల్లో చాలావాటిలో చేపలే లేవు. ఆ రాళ్ల దారిలో నీళ్లు తొణక్కుండా ఎలా మోసుకెళ్లారో అని నేను జాకాస్ ఎక్కుతున్నంతసేపూ అనుకున్నాను.

సుజి:
తేల్చేసుకున్నాం, టిట్‌కాంబ్. పైన్‌డేల్‌లో రెండు రాత్రులు. మొదటి రోజు హాబ్స్ లేక్ దాకా, రెండో రోజు ఐలాండ్ లేక్, అక్కడ మూడు రాత్రులు ఒకే చోట, అయిదో రోజు సెనెకా లేక్ దాకా వెనక్కి, ఆరో రోజు బయటికి. తిరగడానికి మూడు రోజులు, ఒకవేళ వాన వస్తే ఒకటి పోయినా ఇంకో రెండు ఉంటాయి. లేక్‌కీ ట్రెయిల్‌కీ 200 అడుగులు అవతల టెంట్ అని రూల్ చదివాం, మ్యాప్‌లో చదునుగా ఉన్న చోట్లు నాలుగు గుర్తు పెట్టుకున్నాం. మా మరిది ఇండియన్ బేసిన్ నుంచి ఫ్రీమాంట్ పీక్ ఎక్కుతానంటున్నాడు, 13,700 అడుగులు పైన, తన భార్య తల ఎలా ఉంటే అలా అని ఒప్పుకున్నాడు.

నీళ్ల ఫిల్టర్ ఒక్కటే డౌట్, సన్నటి గొట్టాల రకం మాది, రాత్రి గడ్డకడితే పాడవుతుందా?

నిదానం:
మీ లెక్కలో ఒక రోజు తేడా వస్తోందమ్మా చూసుకోండి. రెండో రోజు ఐలాండ్ లేక్ చేరి మూడు రాత్రులు అంటే రెండు, మూడు, నాలుగు. తిరగడానికి మీకున్నవి మూడో రోజు, నాలుగో రోజు, అంతే. సరిపోతుంది, కానీ ఫ్రీమాంట్ పీక్‌కి పూర్తిగా ఒక రోజు పోతుంది, అది నాలుగో రోజుకే పెట్టుకోండి, అప్పటికి ఒళ్లు ఎత్తుకి అలవాటు పడుతుంది.

ఫిల్టర్ గడ్డకడితే లోపలి గొట్టాలు పగులుతాయి, బయటికి ఏమీ తెలీదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, కానీ జియార్డియా లాంటి కడుపు పాడుచేసే క్రిములు ఆగవు. రాత్రి గట్టిగా విదిలించి, కవర్‌లో చుట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకోండి. క్లోరిన్ డయాక్సైడ్ మాత్రల పట్టీ ఒకటి ఎవరి బ్యాగులోనన్నా వేసుకోండి, ఒక రాత్రి మర్చిపోయి బయట వదిలేస్తే మర్నాటి నుంచి అవే వాడండి.